కుళాయి నీటిలో లోహాలు: పట్టీయా, కిట్టా, ల్యాబా?

కుళాయి నీళ్లను గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూడటం చాలామందికి అలవాటు. తేటగా ఉంటే తాగేస్తాం, మసకబారితే పారబోస్తాం. లోహాల విషయంలో మాత్రం ఈ చూపు ఎందుకూ కొరగాదు. సీసం, ఆర్సెనిక్ నీటికి రంగు తేవు, వాసన తేవు, నాలుకకు తెలియవు. ఎర్రటి మరకలు పెట్టి మనల్ని కంగారుపెట్టే ఇనుము వీటితో పోలిస్తే దాదాపు సాధుజీవి.

అందుకే పరీక్ష. అక్కడి నుంచి తికమక మొదలవుతుంది. జేబులో పట్టే మీటరు, ముంచి తీసే కాగితం పట్టీ, చిన్న సీసాల్లో రసాయనాలున్న కిట్టు, ప్రయోగశాల నివేదిక, అన్నీ ‘నీటి పరీక్ష’ అనే పేరుతోనే దొరుకుతాయి. నేను ఈ మెట్లన్నీ తలకిందులుగా ఎక్కాను. మొదట మీటరు కొన్నాను, తరువాత పట్టీలు కొన్నాను, ఆఖరున ల్యాబుకు పంపాను. అదీ నమూనా తప్పుగా పట్టి పంపాను. ఆ కథ తరువాత చెబుతాను. పరికరం ఎంచుకునే ముందు ప్రశ్న ఎంచుకోవాలని నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. నా నీటిలో ఏ లోహం ఉండే అవకాశం ఉంది? అది ఎక్కడ కలుస్తోంది? ఈ రెండూ తేలితే పరీక్షను ఎంచుకోవడం తేలిక.

లోహం కలిసేది ఎక్కడ?

కుళాయి నీటిలో లోహాలు రెండు చోట్ల కలుస్తాయి. ఒకటి, నీరు పుట్టే చోట. భూగర్భంలోని రాళ్ల నుంచి ఆర్సెనిక్, యురేనియం, మాంగనీసు, ఇనుము కరిగి నీటిలోకి వస్తాయి. బావి, బోరు నీరు కుళాయికి ఎక్కే చోట్ల ముందుగా అనుమానించవలసింది వీటిని. రెండోది, నీరు నడిచే దారి. సీసపు పైపులు, సీసం కలిసిన టంకం అతుకులు, ఇత్తడి కుళాయిలు, చెడిపోకుండా సీసం కలిపి చేసిన పాత ప్లాస్టిక్ పైపులు, ఇవన్నీ నీటిలోకి సీసాన్ని వదలగలవు. రాగి పైపుల నుంచి రాగి వస్తుంది. జింకు పూత పూసిన ఇనుప పైపుల నుంచి జింకుతోపాటు, ఆ పూతలో మలినంగా ఉండే కాడ్మియం కూడా రావచ్చు.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గాని, పరీక్ష పద్ధతి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. నేల నుంచి వచ్చే ఆర్సెనిక్ ఉదయం పట్టినా, సాయంత్రం పట్టినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైపు నుంచి వచ్చే సీసం అలా కాదు. రాత్రంతా నీరు కదలకుండా ఉంటే తెల్లవారేసరికి పెరుగుతుంది, అయిదు నిమిషాలు కుళాయి తిప్పి వదిలితే పడిపోతుంది. అదే ఇల్లు, అదే కుళాయి, అరగంటలో రెండు వేర్వేరు జవాబులు.

నీటి సరఫరా సంస్థలు ప్రకటించే నాణ్యత నివేదికలను కూడా ఈ కోణంలోనే చదవాలి. నేలలోంచి వచ్చే లోహాల గురించి అవి బాగానే చెబుతాయి, పైగా ఖర్చు లేదు, కాబట్టి మొదట వాటినే తెప్పించుకుని చూడండి. శుద్ధి కేంద్రం దాటాక మీ ఇంటి గోడలో ఉన్న అతుకు ఏం కలుపుతోందో మాత్రం వాటికి తెలియదు.

ఎంత సన్నటి లెక్క ఇది

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన విలువలు లీటరుకు ఇలా ఉన్నాయి: సీసం 10 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 10, కాడ్మియం 3, మొత్తం క్రోమియం 50, నికెల్ 70, యురేనియం 30. రాగికి మాత్రం 2000 మైక్రోగ్రాములు, అంటే 2 మిల్లీగ్రాములు. ఇనుముకు ఆరోగ్యం లెక్కన హద్దే పెట్టలేదు. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టల మీద మరకలు, రుచి తేడా మొదలవుతాయని మాత్రమే చెబుతారు.

సీసానికి 10 అన్న అంకెను క్షేమానికి గీసిన గీతగా తీసుకోకూడదు. సీసం విషయంలో హాని లేదని చెప్పగల స్థాయి ఏదీ తెలియదని ఆ సంస్థే అంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహం అది. సాధించగలిగినంతలో పెట్టుకున్న హద్దు గనుకే అది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి కిందికి జరుగుతోంది. ఐరోపా సమాఖ్య 2020లో తెచ్చిన ఆదేశం 2036 నాటికి దాన్ని 5కు దించమంటోంది. అమెరికాలో 1991 నుంచి 15గా ఉన్న చర్యా స్థాయిని, అంటే దాటితే సరఫరా సంస్థ దిద్దుబాటుకు దిగవలసిన అంకెను, 2024 నాటి నిబంధనల్లో 10కి తగ్గించారు.

లీటరులో 10 మైక్రోగ్రాములంటే వంద కోట్ల భాగాల్లో పది భాగాలు. పరీక్షలను పోల్చేటప్పుడు ఈ అంకెను చేతిలో పట్టుకుని నడవండి. సగం సరుకు అక్కడే రాలిపోతుంది.

మొదట రాలిపోయేది టీడీఎస్ మీటరు

దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను. ఈ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, ఆ విలువను ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన పదార్థాల మొత్తం ఇంత అని అంచనా చూపిస్తుంది. ఆ మొత్తంలో దాదాపు అంతా కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్ లాంటివే. మీటరు చూపగల అతి చిన్న మెట్టు సాధారణంగా లీటరుకు 1 మిల్లీగ్రాము. నీటిలో సీసం హద్దుకు పది రెట్లు, అంటే 100 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. అది 0.1 మిల్లీగ్రాము. అంకె కదలదు. గజం బద్దతో ఆవగింజ మందం కొలిచినట్టే.

దీన్ని తిప్పి చూస్తే ఇంకా ప్రమాదం. మీటరులో 500 చూపించే నీరు లోహాల పరంగా నిక్షేపంగా ఉండవచ్చు. 40 చూపించే మెత్తటి నీరు పైపులను కొరికి సీసాన్ని కరిగించుకుని రావచ్చు. ఖనిజాలు తక్కువగా, ఆమ్లగుణం ఎక్కువగా ఉన్న నీటికి లోహాలను తినే స్వభావం ఎక్కువ. వడపోత యంత్రంలోని పొర పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి మీటరు పనికివస్తుంది. ఆ పని వరకే దాన్ని ఉంచుకోండి.

పట్టీలు, రంగు కిట్లు

ముంచి తీసి రంగును పోల్చుకునే పట్టీల్లో రెండు జాతులున్నాయి. ఒకే పట్టీ మీద పది పదిహేను గళ్లుండి, ఒక్కో గడికి ఒక్కో పదార్థం చూపించేవి మొదటి రకం. వీటిలోని గళ్లు చాలావరకు మిల్లీగ్రాముల స్థాయిలో పనిచేస్తాయి. రాగికి, ఇనుముకు అది సరిపోతుంది, ఎందుకంటే వాటి హద్దులు కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉన్నాయి. సింకులో నీలి ఆకుపచ్చ చిలుము మరకలు కనిపిస్తే ల్యాబుకు పరుగెత్తనక్కరలేదు, ఈ పట్టీతోనే మొదలుపెట్టవచ్చు. అదే పట్టీ మీద ఉన్న ‘సీసం’ గడిని చూసి ఊపిరి పీల్చుకోవడం మాత్రం పొరపాటు. ఆ గడి రంగు మారడానికి ఎంత సీసం కావాలో పెట్టె మీద చిన్న అక్షరాల్లో వెతకండి. అక్కడ వందలు, వేల మైక్రోగ్రాముల అంకె ఉంటే, లేదా అసలు అంకే లేకుంటే, ఆ గడి అలంకారం.

రెండో రకం సీసం ఒక్కదాని కోసమే చేసినవి. గీత పడిందా లేదా అని చూసే ఈ పట్టీల్లో కొన్ని 15 మైక్రోగ్రాముల దగ్గర ‘ఉంది, లేదు’ అని తేల్చగలవు. ఇవి పనికొచ్చే పరికరాలే, అయితే రెండు మెలికలున్నాయి. 14 ఉన్నా, సున్నా ఉన్నా వీటి జవాబు ఒక్కటే. పైగా ఇవి ప్రధానంగా నీటిలో కరిగిన సీసాన్నే పట్టుకుంటాయి. పైపు లోపలి తుప్పు పొర నుంచి ఊడి వచ్చే సూక్ష్మమైన సీసపు రేణువులు తప్పించుకుపోతాయి. కడుపులోకి వెళ్లాక అక్కడి ఆమ్లం ఆ రేణువులను కూడా కరిగిస్తుంది. కాబట్టి పట్టీ ‘ఉంది’ అంటే నమ్మండి, ‘లేదు’ అంటే సగమే నమ్మండి.

రంగు కిట్లలో గౌరవించదగినది ఆర్సెనిక్ కిట్టు. నీటిలో ఆమ్లం, జింకు పొడి వేస్తే ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా మారి పైకి లేస్తుంది. సీసా మూతలో ఉన్న మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితానికి తగిలి పసుపు నుంచి గోధుమ రంగు దాకా తెస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు గుట్‌జైట్ పద్ధతికి ఇది నేటి రూపం. బంగ్లాదేశ్‌లో లక్షల గొట్టపుబావులను ఇలాంటి కిట్లతోనే పరీక్షించి, ఆర్సెనిక్ ఎక్కువ ఉన్నవాటికి ఎర్ర రంగు, తాగదగినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. అక్కడ హద్దు 50 మైక్రోగ్రాములు. ఎక్కువ, తక్కువ అని గుంపులుగా విడదీయడానికి కిట్టు దిట్ట. హద్దుకు కాస్త అటూ ఇటూ ఉన్న నీటిని కంటితో రంగు పోల్చి తేల్చడం మాత్రం కష్టం. ఒకరికి లేత పసుపు, ఇంకొకరికి తెలుపు. ఆర్సీన్ విషవాయువు గనుక కిట్టును గాలి ఆడే చోటనే వాడాలి, చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితంలో ఉన్నది పాదరసమే కాబట్టి వాడిన ముక్కలను చెత్తలో కలపకూడదు.

ల్యాబు అనగానే సరిపోదు

ప్రయోగశాలల్లోనూ యంత్రాన్ని బట్టి చూపు మారుతుంది. మంట మీద నడిచే పరమాణు శోషణ యంత్రం రాగి, జింకు, ఇనుములకు చక్కగా సరిపోతుంది, 10 మైక్రోగ్రాముల సీసం దగ్గర దానికి కళ్లు మసకలు. గ్రాఫైట్ కొలిమి జోడించిన రకం ఆ స్థాయిని చక్కగా చూస్తుంది, కాకపోతే ఒక్కో లోహాన్ని విడివిడిగా కొలవాలి. ప్లాస్మా వేడికి లోహాలు వెదజల్లే వెలుగును చదివే ఐసీపీ-ఓఈఎస్ యంత్రం ఒకేసారి చాలా లోహాలు చూపుతుంది గాని, సీసం, ఆర్సెనిక్ హద్దుల దగ్గరికి వచ్చేసరికి తరచూ తడబడుతుంది. ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం నీటి తుంపరను వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపి, విడివడిన అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను, బరువు ప్రకారం లెక్కిస్తుంది. ఒక్క నమూనాతో ఇరవై ముప్ఫై లోహాలను, మైక్రోగ్రాములో భాగాల దాకా చూపగలదు. ఎంచుకునే వీలుంటే ఇదే అడగండి.

దీనికీ ఒక చిన్న బలహీనత ఉంది. ఉప్పు నీటిలోని క్లోరిన్, యంత్రంలోని ఆర్గాన్‌తో జతకట్టి సరిగ్గా ఆర్సెనిక్ బరువే ఉన్న అయానుగా తయారవుతుంది. ఆర్గాన్ బరువు 40కి క్లోరిన్ బరువు 35 కలిపితే 75. లేని ఆర్సెనిక్ ఉన్నట్టు కనిపిస్తుంది. హీలియం నింపిన గదిలోంచి అయాన్లను పంపి ఈ దొంగ జతను వడగడతారు. మీ నీరు ఉప్పగా ఉంటే ఆ సంగతి ల్యాబువారికి ముందే చెప్పడం మంచిది.

యంత్రం పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఒక్క ప్రశ్న వేయండి: ‘సీసానికి, ఆర్సెనిక్‌కు మీరు నివేదించగల కనిష్ఠ విలువ ఎంత?’ జవాబు 1 లేదా 2 మైక్రోగ్రాములైతే ముందుకు వెళ్లండి. 10 అంటే అనుమానించండి. 50 అంటే ఫోను పెట్టేయండి. ఆ ల్యాబు నుంచి వచ్చే ‘కనుగొనబడలేదు’ అన్న మాటకు అర్థం ‘50 లోపల ఎంతైనా ఉండవచ్చు’ అని. పరీక్షలు సరిగా చేయగల ల్యాబులకు ఇచ్చే ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉందా అని కూడా అడగాలి. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాక, ప్రత్యేకించి తాగునీటిలో ఆ లోహాల పరీక్షకు వర్తిస్తుందో లేదో చూడాలి. వడపోత యంత్రాలు అమ్మేవారే ఉచితంగా చేసే పరీక్ష గురించి నేను చెప్పేది ఏమీ లేదు, మీరే ఊహించగలరు.

సీసా నింపడంలోనే సగం పరీక్ష

నేను చేసిన తప్పు ఇదే. నమూనా శుభ్రంగా ఉండాలన్న ఆత్రంతో కుళాయిని పది నిమిషాలు వదిలి, మూతి తుడిచి, సీసాను మూడుసార్లు అదే నీటితో కడిగి నింపాను. నివేదిక అద్భుతంగా వచ్చింది. రాత్రంతా పైపులో ఊరిన నీటిని డ్రైనేజీలో వదిలి, అప్పుడే వీధి గొట్టం నుంచి వచ్చిన తాజా నీటిని పరీక్షకు పంపితే రాకేం చేస్తుంది? సూక్ష్మజీవుల పరీక్షకు కుళాయి వదలడం సరైన పద్ధతి. లోహాలకు అది సాక్ష్యాన్ని కడిగేయడమే.

ఈ తప్పు అమాయకుల ఇళ్లలోనే జరగదు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో నీటి వనరును నదికి మార్చి, పైపుల తుప్పును ఆపే ఫాస్ఫేటును కలపలేదు. పైపుల లోపలి రక్షణ పొర కరిగి సీసం ఇళ్లలోకి చేరింది. నమూనాలకు ముందు రోజు కుళాయి వదలమని చెప్పడం, సన్నమూతి సీసాలు ఇవ్వడం లాంటివి అసలు అంకెలను కప్పిపుచ్చాయని తరువాత బయటపడింది. 2016 ఫిబ్రవరిలో ఆ దేశపు పర్యావరణ సంస్థ ఒక వివరణ పత్రం ఇచ్చింది. ముందు కుళాయి వదలవద్దు, మూతి దగ్గరి జల్లెడ విప్పి శుభ్రం చేయవద్దు, వెడల్పు మూతి సీసాలే వాడండి అన్నది దాని సారాంశం. సన్నమూతి సీసాతో వచ్చే చిక్కు ఏమిటంటే, నీరు చిందకూడదని ధారను సన్నగా తిప్పుతాం, అప్పుడు పైపు గోడ నుంచి రేణువులు ఊడిరావు.

కాబట్టి పైపుల మీద అనుమానం ఉంటే ఇలా చేయండి. రాత్రి కనీసం ఆరు గంటలు ఇంట్లో ఎక్కడా నీరు వాడకుండా ఉంచి, తెల్లవారగానే తాగే నీళ్లు పట్టే కుళాయి నుంచి, చల్లని నీటినే, మామూలుగా తిప్పే ధారతో, మొదటి చుక్క నుంచి ఒక లీటరు పట్టాలి. అదే ఒకటో సీసా. తరువాత అయిదు నిమిషాలు వదిలి రెండోది. ఒకటో దానిలో ఎక్కువ, రెండో దానిలో తక్కువ వస్తే దోషం మీ ఇంటి అమరికలది. రెండిట్లోనూ ఒకేలా ఎక్కువ వస్తే నీటి వనరుది గాని, ఇంటి బయటి గొట్టాలది గాని. ఇంటికి ట్యాంకు ఉంటే ట్యాంకుకు ముందు ఒకటి, తరువాత ఒకటి పట్టడం మేలు.

వీధి గొట్టానికి, ఇంటికి మధ్య సీసపు పైపు ఉందని అనుమానమైతే ఈ రెండు సీసాలకూ అది దొరకకపోవచ్చు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న పైపు మీటరు పొడవులో సుమారు 177 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. అంటే మొదటి లీటరు కుళాయి నుంచి వెనక్కి ఆరు మీటర్లలోపు కథే చెబుతుంది. అంతకు అవతలి పైపులో రాత్రంతా నిలిచిన నీరు నాలుగో లీటరులోనో అయిదో లీటరులోనో వస్తుంది. అందుకే అమెరికాలో సీసపు పైపులున్న ఇళ్లకు అయిదో లీటరును పరీక్షించే పద్ధతి తెచ్చారు. వరుసగా సీసాలు పట్టి అన్నిటికీ అంకెలు వేయండి, కలగాపులగం చేస్తే శ్రమంతా వృథా.

సీసాలు ల్యాబు ఇచ్చినవే వాడాలి. కొన్నిటిలో ముందే కాస్త నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు, లోహాలు సీసా గోడలకు అతుక్కుపోకుండా. దాన్ని కడిగి పారబోయకండి, చేతికి తగలనివ్వకండి.

ఇక ఎవరికి ఏది?

ఇంట్లో గర్భిణి గాని, డబ్బా పాలు తాగే పసిబిడ్డ గాని ఉండి, కట్టడం పాతదైతే పట్టీలతో కాలయాపన చేయవద్దు. మొదటి లీటరు, వదిలిన తరువాతి లీటరు, రెండూ నేరుగా ల్యాబుకు పంపండి. నివేదిక వచ్చేలోపు ఉదయం కుళాయి కాసేపు వదిలి, చల్లని నీటినే తాగడానికి, వంటకు వాడండి. వేడినీటి గొట్టం సీసాన్ని ఎక్కువ కరిగిస్తుంది. మరగబెడితే లోహాలు పోవు సరికదా, నీరు ఆవిరై మిగిలినదానిలో చిక్కబడతాయి.

బావి, బోరు నీరైతే ఒక్కసారైనా ఐసీపీ-ఎంఎస్‌తో అన్ని లోహాల పరీక్ష చేయించడం తప్పనిసరి అంటాను. ఇక్కడ వదిలి పట్టిన నమూనా చాలు. ఆర్సెనిక్ బయటపడితే, ఆ తరువాత మధ్యమధ్యలో చూసుకోవడానికి కిట్టు ఉపయోగపడుతుంది. ఒక వీధిలోనో ఊరిలోనో వందల కుళాయిలు చూడవలసి వస్తే ఈ వరుసను తిరగేయాలి. కిట్టుతో అన్నిటినీ జల్లెడ పట్టి, అనుమానం ఉన్నవాటిని, వాటితోపాటు బాగున్నాయన్నవాటిలో కొన్నిటిని ల్యాబుకు పంపాలి.

మరకలే సమస్య అయితే పట్టీ చాలు. ఎర్రగా ఉంటే ఇనుము, నీలి ఆకుపచ్చగా ఉంటే రాగి. నల్లటి మరకలు మాంగనీసుకు గుర్తు, దాన్ని మాత్రం ల్యాబులో చూపించండి. పసిపిల్లల విషయంలో దాన్ని తేలిగ్గా తీసుకునే కాలం పోయింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటీవల దానికి లీటరుకు 80 మైక్రోగ్రాముల తాత్కాలిక విలువ పెట్టింది.

వడపోత యంత్రం పనితీరు తెలుసుకోవాలంటే యంత్రానికి ముందు నీరు, తరువాత నీరు, ఒకే రోజు, ఒకే ల్యాబుకు. ఆర్సెనిక్ ఉన్న నీటికి ఇది మరీ ముఖ్యం. నీటిలో ఆర్సెనిక్‌కు ఆర్సెనైట్, ఆర్సెనేట్ అని రెండు రూపాలున్నాయి. ఆర్సెనైట్ రూపంలో ఉన్నప్పుడు ఆర్‌ఓ పొర దాన్ని సరిగా ఆపలేదు, క్లోరిన్‌తో ఆర్సెనేట్‌గా మారాక బాగా ఆపుతుంది.

నీటి పరీక్ష బదులు రక్తపరీక్ష చేయించుకుంటే పోదా అని కొందరు అడుగుతారు. రెండిటి ప్రశ్నలూ వేరు. రక్తంలోని సీసం ఇటీవలి కొన్ని వారాల్లో ఒంట్లోకి చేరినదాన్ని ఎక్కువగా చూపుతుంది, అది నీటి నుంచి వచ్చిందా, పాత రంగుల పెచ్చుల దుమ్ము నుంచి వచ్చిందా చెప్పదు. నీటిలో ఎక్కువ సీసం తేలిన ఇంట్లో చిన్నపిల్లలుంటే రక్తపరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాల్సిందే. అమెరికాలో పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములను 2021 నుంచి గమనించవలసిన స్థాయిగా తీసుకుంటున్నారు. వెంట్రుకల పరీక్షల జోలికి మాత్రం పోవద్దు, బయటి దుమ్ము, షాంపూ కూడా అందులో లెక్కకు వస్తాయి.

నా రెండో నివేదికలో మొదటి లీటరు, వదిలిన లీటరు ఒకదానికొకటి పోలికే లేకుండా వచ్చాయి. దోషి పాత ఇత్తడి కుళాయి. మార్చాను. కొత్త ఇత్తడి సామాను కూడా మొదటి వారాల్లో కొంత లోహం వదులుతుంది గనుక, రెండు నెలలు ఆగి, ఈసారి రాత్రి కుళాయికి ‘ముట్టుకోవద్దు’ అని చీటీ కట్టి, మళ్లీ సీసా పట్టాను.